97 రోజులు మా పటం ఇంట్లో లేదు

మొదటి ఫోన్ 2024 ఆగస్టు 19న వచ్చింది. ఆ రోజు నూలు పున్నమి, పద్మశాలి ఇళ్లల్లో కొత్త జంధ్యాలు వేసుకునే రోజు. పొద్దున్నే బాపు తలస్నానం చేసి, అటుక మీది నుంచి పటం మూట (పటం అంటే కథంతా బొమ్మలుగా గీసిన పొడవాటి బట్ట) దించి, విప్పకుండానే దానికి పసుపు కుంకుమ పెట్టి, నాతో మళ్లీ పైకి ఎక్కించాడు. నేను స్టూలు దిగుతుండగా ఫోన్ మోగింది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ ఆర్ట్ సంస్థ నుంచి ఒక మేడమ్. "మీ దగ్గర పాత చేర్యాల పటం ఉందని విన్నాం. ఎగ్జిబిషన్‌కు ఇస్తారా?"

మేం కూనపులి వాళ్లం. పద్మశాలీలకు వాళ్ల కులపురాణం, అంటే మార్కండేయుడి కథ, భావనారుషి కథ, పటం కట్టి చెప్పడం మా పని. మా ముత్తాత, తాత, బాపు, ముగ్గురూ ఒకే పటం మీద చెప్పారు. జనగామ చుట్టుపక్కల ఊళ్లే కాదు, మన నేతవాళ్లు వలసపోయిన షోలాపూర్, భీవండి దాకా కూడా అది భుజం మీద పోయింది. నేను చెప్పను. నాకు కథ వచ్చు గానీ గొంతు రాలేదు. ఉప్పల్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. అందుకే కాగితాల పని మొత్తం నా మీద పడింది. ఇలాంటిదేదైనా మీ ఇంట్లో ఉండి, ఎవరైనా గ్యాలరీకి అడిగితే లోపల ఏం జరుగుతుందో ముందే తెలిస్తే మంచిదని రాస్తున్నా. మాకు ఎవరూ చెప్పలేదు.

సెప్టెంబర్ 15, ఆదివారం, ఆ మేడమ్ ఇంకో ఇద్దరితో కలిసి ఇంటికి వచ్చింది. మంచి మనిషే. అవ్వ పెట్టిన సర్వపిండి రెండుసార్లు అడిగి తిన్నది. పటం చూస్తామన్నారు. అక్కడే మొదటి చిక్కు. మా ఇంట్లో పటం ఊరికే విప్పరు. దీపం పెట్టాలి, కొబ్బరికాయ కొట్టాలి, వినాయకుడి స్తుతి పాడాలి, అప్పుడు పై నుంచి కిందికి విప్పాలి. ఒకసారి విప్పితే మంగళం పాడకుండా చుట్టకూడదు. వాళ్లు నాలుగింటికి తిరిగి పోవాలన్నారు. బాపు కొంచెం ఆలోచించి, కథను గంటన్నరలోకి కుదించి, మంగళం దాకా లాక్కొచ్చాడు. మూడు రాత్రుల కథ అది. ఆ మేడమ్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను చూశాను కాబట్టి చెప్తున్నా. ఆ తర్వాత జరిగినదాంట్లో ఆమెను దుర్మార్గురాలిని చేయడం నాకు ఇష్టం లేదు.

పటం మూడడుగుల వెడల్పు, ముప్ఫై ఒక్క అడుగుల పొడవు. బట్టకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, తుమ్మబంక పట్టించి చేసిన నేల. వెనకంతా ఎరుపు. అన్నిటికన్నా పైన వినాయకుడు. ఆయన బొజ్జ మీద బొమ్మ కన్నా కుంకుమే ఎక్కువ. ప్రతి ఊళ్లో, ప్రతి మొదటి రాత్రీ ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి అక్కడ బొట్టు పెడతాడు. తొంభై ఏళ్ల బొట్లు. కిందికి వస్తుంటే భావనారుషి భార్య భద్రావతి చెక్కిలి దగ్గర రంగు లేచిపోయి బట్ట నేత కనిపిస్తుంది. కథ చెప్పే పుల్ల తగిలి తగిలి అట్లా అయింది. అడ్డంగా కట్టిన ఒక వరసలో భావనారుషి పులి మీద, ఎదురుగా కాలవాసురుడు. మా కథలో ఆ రాక్షసుడి నెత్తురులోంచే బట్టలకు వేసే రంగులు పుట్టాయి. పిల్లలు నిద్ర ఆపుకుని ఎదురు చూసేది ఆ ఘట్టం కోసమే.

డబ్బు మాట వాళ్లే ఎత్తారు. 50 వేలు. అందులో 10 శాతం టీడీఎస్ పోగా చేతికి 45 వేలు. బాపుకు పాన్ కార్డు లేదు, దానికి పది రోజులు. ఇన్సూరెన్స్ కోసం ఫొటోలు చూసి ఎవరో విలువ కట్టారు. 6 లక్షలు. ఆ మెయిల్ చదివి వినిపించాక ఇంట్లో ప్రశాంతత పోయింది. అవ్వ ఆ రాత్రి అటుక కింద మంచం వేసుకుని పడుకుంది. మా తాత ఒక కరువులో ఇదే పటాన్ని 800 రూపాయలకు తాకట్టు పెట్టి, రెండేళ్లకు విడిపించుకున్నాడు. నాలుగో రోజు చిన్నబాపు కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, పటం ఉమ్మడిది గదా" అని. తప్పేం లేదు, ఉమ్మడిదే. కానీ ఇరవై ఏళ్లుగా ఆ మాట ఎవరికీ గుర్తు రాలేదు. చివరికి 10 వేలు ఇచ్చి, ఒప్పంద కాగితం మీద అతని సంతకం కూడా తీసుకున్నాం.

ఒప్పందం అక్టోబర్ 16న వచ్చింది. పదకొండు పేజీలు, మొత్తం ఇంగ్లిష్. ఏ లైటు కింద పెట్టాలి, ఎంత తేమ ఉండాలి, ఎవరు ముట్టుకోవాలి, ఏ బండిలో తీసుకెళ్లాలి, అన్నీ ఉన్నాయి. బట్ట మీద 50 లక్స్ కన్నా ఎక్కువ వెలుతురు పడకూడదని రాసి ఉంది. చాలా పద్ధతిగా ఉందనిపించింది. నేను అకౌంట్స్ మనిషిని కదా, తేదీలు, డబ్బు, ఇన్సూరెన్స్ నాలుగుసార్లు చూశాను. ఏడో పేజీలో ఒక వాక్యం ఉంది: పటం చిత్రాలను "ప్రదర్శన ప్రచారానికి, అనుబంధ ఉత్పత్తులకు" వాడుకోవచ్చు. అనుబంధ ఉత్పత్తి అంటే పుస్తకం, పోస్టర్ అనుకున్నా. అక్కడ ఆగి ఒక్క ప్రశ్న అడిగి ఉండాల్సింది. అడగలేదు. అంతే కాదు, పటంలో ఏ భాగం చూపిస్తారో ఎక్కడా లేదు. మొత్తం చూపిస్తారనుకున్నాం. పటం ఇవ్వడం అంటే పటం ఇవ్వడమే కదా!

బాపు పెట్టిన షరతు ఒక్కటే. మాఘ మాసంలో మార్కండేయ జయంతికి పటం ఇంట్లో ఉండాలి. 2025లో అది ఫిబ్రవరి 1న వచ్చింది. ఎగ్జిబిషన్ జనవరి 19తో అయిపోతుంది, 25కల్లా ఇంటికి చేరుస్తాం అన్నారు. ఆలస్యమైతే ఏంటి అనేది రాయలేదు. అదీ నా తప్పే.

నవంబర్ 6న బండి వచ్చింది. బాపు పటానికి హారతి ఇచ్చి, పెట్టెలో పెట్టబోతుంటే వాళ్ల కుర్రాడు చేతులకు నీలం గ్లవ్స్ వేసుకుని ముందుకొచ్చాడు. బాపును చేతులు తీయమన్నాడు. మర్యాదగానే. "చేతి నూనె తగలొద్దు సర్." బాపు తన చేతులు తిప్పి చూసుకున్నాడు. డెబ్బై ఒక్క ఏళ్లు ఆయనకు. ఆ పటం ఆయన చేతి నూనెతోనే పెరిగింది.

వారం తర్వాత ఇంకో ఫోన్. ఈసారి పటం స్థితిని పరిశీలించి రిపోర్ట్ రాసే అమ్మాయి. పురుగు ఉండొచ్చు కాబట్టి మూడు వారాలు ఆక్సిజన్ లేని సంచిలో పెడతామంది. స్పీకర్ పెట్టాను. బాపు, "ఊపిరి ఆడకుండనా?" అన్నాడు. అటువైపు ఆ అమ్మాయి నవ్వలేదు. "పురుగుకే తాతగారూ, పటానికి ఏం కాదు" అంది. తర్వాత అసలు సంగతి అడిగింది. వినాయకుడి మీద మందంగా పేరుకున్న కుంకుమ, నూనె జిడ్డు ఉన్నాయి, శుభ్రం చేస్తే కింద బొమ్మ బయటపడుతుంది, చేయమంటారా అని. బాపు చాలాసేపు మాట్లాడలేదు. "అది మురికి గాదమ్మా" అన్నాడు చివరికి. ఆ అమ్మాయి సరేనంది. తర్వాత నాకు పంపిన రిపోర్ట్‌లో ఆ చోట "ఆచారంలో భాగంగా ఏర్పడిన పొర, తొలగించరాదు" అని రాసింది. ఈ మొత్తం వ్యవహారంలో అడిగి పని చేసిన మనిషి ఆమె ఒక్కతే. అడగకుండా తుడిచేసి ఉంటే మాకు తెలిసేది కూడా కాదేమో, తెల్లగా మెరుస్తున్న వినాయకుణ్ని చూసి సంతోషపడేవాళ్లమేమో.

డిసెంబర్ 13, శుక్రవారం సాయంత్రం ప్రారంభం. జనగామ నుంచి కారు మాట్లాడుకుని వెళ్లాం, రానుపోను 3,200. బాపు కొత్త ధోతి, తలపాగా. ఇరవై నిమిషాలు కథ చెప్పమన్నారు, "బెస్ట్ పార్ట్" అన్నారు. దీపం వెలిగించకూడదట, పొగ పడితే అలారం మోగుతుంది. బ్యాటరీ దీపం ఇచ్చారు. కొబ్బరికాయ తెచ్చుకున్నాం గానీ చెక్క నేల మీద కొట్టొద్దన్నారు. సరే, అవన్నీ సర్దుకోవచ్చు. బాపు రైలు స్టేషన్ ప్లాట్‌ఫారం మీద కూడా కథ చెప్పినవాడు.

లోపలికి వెళ్లాం. గది చీకటిగా ఉంది, ఒక్క పటం మీదే వెలుగు. నిజంగా అంత అందంగా నేనెప్పుడూ చూడలేదు దాన్ని. ఎరుపు మండుతున్నట్టుంది. ఒక క్షణం గర్వంగా అనిపించింది. పక్కన బాపు కదలడం లేదు.

"వినాయకుడేడి?" అన్నాడు.

గోడ ఎత్తు పదకొండు అడుగులు. పటం ముప్ఫై ఒక్కటి. కాబట్టి పైన ఒక రూళ్లకర్రకు, కింద ఒక రూళ్లకర్రకు చుట్టి, మధ్యలో తొమ్మిది అడుగులు మాత్రం తెరిచారు. ఏ తొమ్మిది అడుగులంటే, పులి, భావనారుషి, కాలవాసురుడు. బొమ్మగా అదే బాగుంటుంది, నేను కాదనను. కానీ పైన చుట్టలో వినాయకుడు, త్రిమూర్తులు, హోమం. కింది చుట్టలో పట్టాభిషేకం, మంగళం. బాపు నా చెయ్యి పట్టుకున్నాడు. "తలకాయ లేదు, కాళ్లు లేవు. మొండెం నిలబెట్టిండ్రు రా."

మేడమ్ వచ్చింది. చెప్పాను. ఆమెకు అర్థం కాలేదని కాదు, కానీ ఆ గంటలో ఆమె చేయగలిగింది కూడా ఏం లేదు. బయట నూట యాభై మంది ఉన్నారు. "ఎవరైనా పుస్తకం పెడితే ఒక పేజీయే కదా అంకుల్ తెరిచి పెడతారు" అంది. ఆ మాట నాకు ఇంటికెళ్లాక కూడా గుచ్చుకుంటూనే ఉంది, ఎందుకంటే వెంటనే జవాబు దొరకలేదు. పేజీ మూసినా పుస్తకం పుస్తకమే. మా పటం సగం తెరిచి వదిలేస్తే, మా లెక్క ప్రకారం అది సగంలో ఆగిపోయిన పూజ. కారులో బాపు తనే అన్నాడు: "38 రోజులు ఉంటదంటివి గదా. 38 రోజులు కాలవాసురుడు చావడు ఇగ."

ఆ రోజు ఆయన కథ చెప్పాడు, మానలేదు. అయితే బెస్ట్ పార్ట్ చెప్పలేదు. ఇరవై నిమిషాలూ వినాయకుడి స్తుతి, చివర మంగళం. గోడ మీద లేని వాటి దగ్గర, పై చుట్ట దగ్గర ఒకసారి, కింది చుట్ట దగ్గర ఒకసారి పుల్ల పెట్టి చూపించాడు. జనం యుద్ధం ఎప్పుడొస్తుందా అని చూసి చూసి చప్పట్లు కొట్టారు.

పక్క గదిలో ఇంకొకటి ఉంది. ఒక యువ చిత్రకారుడు మా పటంలోని కాలవాసురుణ్ని ఫొటో తీసుకుని, పన్నెండు అడుగుల ఎత్తుకు పెంచి, భావనారుషిని, పులిని తీసేసి, ఒక్క రాక్షసుణ్నే నిలబెట్టాడు. కింద రాసినదాని సారాంశం: ఎవరి నెత్తురు రంగు అయిందో ఆ మనిషిని ఎవరూ తలచుకోరు, అద్దకపు పనివాళ్లను ఎవరూ తలచుకోనట్టే. నాకు భయం వేసింది, దీన్ని చూసి బాపు ఏమంటాడో అని. ఆ కుర్రాడు కూడా భయపడుతూ దూరంగా నిలబడ్డాడు. బాపు చదివించుకుని విన్నాడు. తర్వాత అతణ్ని పిలిచి, షోలాపూర్‌లో రంగు తొట్ల దగ్గర పనిచేసేవాళ్ల ముందు కథ చెప్పినప్పుడు వాళ్లూ దాదాపు ఇదే అడిగారని చెప్పాడు. "వాని పెండ్లాం ఏడ్పు కూడ ఒక పాట ఉంటది. నేను ఎప్పుడో గాని పాడ." అక్కడే రెండు చరణాలు పాడాడు. కుర్రాడు ఫోన్‌లో రికార్డ్ చేసుకున్నాడు, అడిగే చేసుకున్నాడు.

నాకు అర్థమైనంతలో, కథను తిప్పి చెప్పడం బాపుకు కోపం తెప్పించదు. ఊరూరికీ ఆయనే తిప్పుతాడు. అందుకే అక్కడ గొడవ అవుతుందనుకున్న చోట అవ్వలేదు. అయింది బయటి దుకాణంలో.

బయటికి వచ్చే దారిలో చిన్న షాపు. అక్కడ చాయ్ కప్పుల కింద పెట్టుకునే చతురస్రపు బిళ్లలు, నాలుగింటి సెట్ 650 రూపాయలు. ఒకదాని మీద పులి, ఒకదాని మీద భద్రావతి, చెక్కిలి మీద రంగు లేచిపోయిన మచ్చతో సహా. ఆ మచ్చ మా ముత్తాతది, తాతది, బాపుది. ఇంకోదాని మీద భావనారుషి. బల్ల మీద నమూనాగా ఒక సెట్ పెట్టారు, ఎవరో నిజంగానే కాఫీ కప్పు దాని మీద పెట్టి వెళ్లిపోయారు. భావనారుషి ముఖం చుట్టూ గోధుమరంగు వలయం. బాపు జేబులోంచి రుమాలు తీసి తుడిచాడు. ఏం మాట్లాడలేదు. నేను ఒక సెట్ కొన్నాను, బిల్లు తీసుకున్నాను. ఎందుకు కొన్నానో అప్పుడు తెలియదు, తర్వాత పనికొచ్చింది.

మరుసటి వారం నడిచిన మెయిళ్ల గురించి ఎక్కువ చెప్పను. ఏడో పేజీ చూపించారు. నిజమే, సంతకం మాదే. లాయర్ ఫ్రెండ్‌ను అడిగాను. మన చట్టంలో చిత్రకారుడు పోయాక 60 ఏళ్ల దాకే కాపీరైట్. ఇది గీసిన నకాషి, అంటే చేర్యాలలో పటాలు గీసే చిత్రకారుడు, ఎప్పుడో 1950లలో పోయాడని బాపు చెప్తాడు. కథ చెప్పే కులానికి, విని మొక్కే కులానికి బొమ్మ మీద చట్టం ఇచ్చే హక్కంటూ ఏం లేదు. ఉన్నదల్లా ఒప్పందంలో రాయించుకున్నదే. మేం రాయించుకోలేదు. "చేర్యాలలో కీచైన్లు, ట్రేలు అమ్ముతున్నారు కదా, మరి అవి?" అని కూడా ఆ సంస్థవాళ్లు అడిగారు. మంచి ప్రశ్న. నకాషి వాళ్లు బతకాలి, అవి వాళ్ల బతుకు. బాపును అడిగితే, "అవి అమ్మెటందుకే గీసిన బొమ్మలు. వాటిని ఎవరు లేపిండ్రు?" అన్నాడు. పటం గీయడం అయ్యాక చివరన కళ్లు దిద్ది, పూజ చేసి దాన్ని లేపి, అప్పుడు మా చేతికి ఇస్తారు. అప్పటిదాకా అదీ బట్టే.

ఇక లేబుల్ సంగతి. మాకు ఏదైనా జరిగిందంటే దీనివల్లే జరిగింది. పటం పక్కన ఇట్లా రాశారు: "అజ్ఞాత చిత్రకారుడు, 19వ శతాబ్దం." ప్రారంభం నాడు గొడవలో పట్టించుకోలేదు. ఫోన్‌లో ఫొటో మళ్లీ చూస్తుంటే తట్టింది. పటం అట్టడుగున, మంగళం బొమ్మ కింద, నాలుగు వరసల తెలుగు రాత ఉంది. చేర్యాల నకాషి పేరు, పటం చేయించిన మా ముత్తాత పేరు, ఖర్చు పెట్టిన పద్మశాలి పెద్దల ఊరి పేరు, ఫసలీ 1341. నిజాం రాజ్యంలో సంవత్సరాలకు ఫసలీ లెక్క. 590 కలిపితే 1931. వాళ్లు అజ్ఞాతం అన్న పేరు వాళ్ల గోడకే, కింది చుట్టలో ఉంది! రిపోర్ట్ రాసిన అమ్మాయి ఆ రాతను ఫొటో తీసి పద్నాలుగో పేజీలో పెట్టింది కూడా. లేబుల్ రాసినాయన ఆ పేజీ దాకా రాలేదు.

మెయిల్‌లో ఇంకో మాట చేర్చాను. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన బట్ట మీది చిత్రాన్ని రిజిస్టర్ చేయించాలి. మీరు దీన్ని 19వ శతాబ్దం అని గోడ మీద రాశారు, మరి రిజిస్ట్రేషన్ ఏదని ఎవరైనా అడిగితే మీరు చెప్తారా, మమ్మల్ని చెప్పమంటారా? డిసెంబర్ 16న పంపాను. 17న మధ్యాహ్నానికి లేబుల్ మారింది. నకాషి పేరు వచ్చింది, 1931 వచ్చింది. తల లేదన్న మాటకు వారం రోజులు జవాబు లేదు, తేదీ తప్పన్న మాటకు ఒక్క రోజు కూడా పట్టలేదు. అదే ఊపులో బిళ్లల బిల్లు జత చేసి ఇంకో మెయిల్ పెట్టాను. "ఒప్పందం ప్రకారం మాకు హక్కుంది, అయినా మీ మనోభావాలను గౌరవించి మిగిలినవి తీసేస్తున్నాం" అని జవాబు. అమ్ముడుపోయినవి ఎన్నో చెప్పలేదు. అవి ఎవరెవరి బల్లల మీద ఉన్నాయో.

తొమ్మిది అడుగులను మాత్రం మార్చలేదు. కదిలిస్తే రంగు పెచ్చులు లేస్తుందన్నారు. అందులో నిజముంది. దానికి బదులుగా పైన వినాయకుడి ఫొటో, కింద మంగళం ఫొటో అతికిస్తామన్నారు. బాపు వద్దన్నాడు.

జనవరి 19న ఎగ్జిబిషన్ ముగిసింది. 25 వచ్చింది. బండి రాలేదు. ప్యాకింగ్ చేసే ఏజెన్సీ వేరే ఊళ్లో పనిలో ఉందట. 27, 28. ఫోన్ చేస్తే "రేపు కన్ఫర్మ్ చేస్తాం" అంటారు. నేను ఆఫీసులో పని చేయలేకపోయాను, ఆ టెన్షన్‌లో ఒక నెల జీఎస్టీ తప్పు వేశాను. 29 రాత్రి తేలిపోయింది, జయంతికి పటం రాదు.

జయంతికి మాతో కథ చెప్పించుకునే ఊరి వాళ్లు అప్పటికే పందిరి వేసేశారు. చెప్పలేం. బాపే అన్నాడు, "వాళ్లు తీసిన ఫొటోలు నీ దగ్గరున్నయి గదా." ఉన్నాయి, రిపోర్ట్‌తో పాటు వచ్చిన ముప్ఫై ఒక్క ఫొటోలు, ప్రతిదాని మూలనా ఆ సంస్థ గుర్తు. మేం సొంతంగా ఒక్క ఫొటో తీసుకోలేదు, ఇదీ రాసిపెట్టుకోండి. 30వ తేదీ గురువారం పొద్దున జనగామలో ఫ్లెక్సీ షాపుకు వెళ్లాం. షాపు పిల్లగాడికి ఇరవై ఏళ్లుంటాయి. పుట్టినరోజు బ్యానర్ ఒకటి చేస్తున్నాడు. ఫొటోలు ఒకదాని కింద ఒకటి అతికించమన్నాం. ఒక చోట రెండు వరసలు తారుమారు చేశాడు. బాపు అతని కుర్చీ వెనక నిలబడ్డాడు. "ఇది ముందు గాదు బిడ్డా, ఎందుకంటే..." అని మొదలుపెట్టి, తెర మీద మౌస్ బాణం ఎక్కడుంటే అక్కడి కథ చెప్పుకుంటూ పోయాడు. పిల్లగాడు మెల్లగా చెవిలోది తీసేశాడు. మూడు గంటలు. మధ్యలో ఒక గిరాకీ వస్తే "కూసో అన్నా" అని, బాపు వైపు తిరిగి, "తర్వాతేమైంది తాతా?" అన్నాడు. 93 చదరపు అడుగులు, అడుగుకు 15 చొప్పున 1,395. ఆ పిల్లగాడు 1,000 తీసుకున్నాడు.

ఫిబ్రవరి 1 రాత్రి, పందిరి కింద, వెదురు కర్రలకు ఫ్లెక్సీ కట్టాం. గాలికి పటంలా బరువుగా ఊగలేదు, టపటపా కొట్టుకుంది. లైట్ పడితే మెరుపు. మూలల్లో ఆ సంస్థ గుర్తు కనబడకుండా అవ్వ ప్రతిదాని మీదా పసుపు ముద్ద పెట్టింది. ముప్ఫై ఒక్క ముద్దలు. నా మనసులో ఒకటే ప్రశ్న: బాపు దీన్ని లేపుతాడా, లేపడా? దీపం పెట్టాడు. కొబ్బరికాయ కొట్టాడు. వినాయకుడి దగ్గరికి వెళ్లి ఒక్క క్షణం ఆగాడు. అప్పటికే అక్కడ ఫొటోలో తొంభై ఏళ్ల కుంకుమ అచ్చై ఉంది. దాని మీద కొత్త బొట్టు పెట్టాడు. ఆ తర్వాత ఊరి పెద్దమనిషి పెట్టాడు. ఒక ముసలామె వచ్చి, కింది అంచు పట్టుకుని కళ్లకద్దుకుంది. ఆమెకు చూపు సరిగా లేదు, చేతికి తగిలింది బట్ట కాదని మాత్రం తెలిసే ఉంటుంది. కాలవాసురుడు తెల్లవారుజామున రెండున్నరకు చచ్చాడు.

పటం ఫిబ్రవరి 11న ఇంటికి వచ్చింది. 97 రోజులు. పెట్టె బాగుంది, పటానికి ఒక్క గీత పడలేదు, ఆ విషయంలో వాళ్లను అనడానికి లేదు. బాపు చుట్ట విప్పకుండానే ముఖం దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. కర్పూరం, పొగ, నూనె కలిసిన వాసన ఒకటి ఉండేది. ఇప్పుడు ఏ వాసనా లేదు. "సబ్బు లెక్కుంది" అన్నాడు. ఆదివారం నాడు మళ్లీ పూజ చేసి, పై నుంచి కింది దాకా మొత్తం విప్పి, మూడు రాత్రులూ ఇంట్లోనే చెప్పాడు. వినడానికి మేం నలుగురం, చిన్నబాపు కొడుకు కుటుంబం. కొబ్బరికాయలు, పూలు, భోజనాలకు 3,400 అయింది. 45 వేలల్లో ఏం మిగిలిందో ఇప్పటిదాకా లెక్క వేయలేదు, వేస్తే నా ఉద్యోగం మీద నాకే నమ్మకం పోతుంది.

మిగిలింది ఫ్లెక్సీ. మా వాళ్లు పాతబడ్డ పటాన్ని పారేయరు. కొత్తది వచ్చాక పాతదాన్ని మనిషికి చేసినట్టు చేసి గోదావరిలో కలుపుతారు. బట్ట, సుద్ద, బంక, అన్నీ నీళ్లలో కరిగిపోతాయి. ఫ్లెక్సీ కరగదు. లేపకుండా ఉంటే వేరు, బాపు లేపాడు. అందుకే చుట్టి, తాడు కట్టి, అటుక మీద పటం పక్కనే పెట్టాం. గడ్డివాముకు కప్పుకుంటానని పక్కింటి మల్లేశం మామ రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ బాపు వినబడనట్టే ఊరుకున్నాడు. మొన్న నూలు పున్నమికి స్టూలు ఎక్కి మూట దించబోతే, కింద నుంచి అన్నాడు, "రెండూ దించు."